ఇద్దరు తల్లులు, ఇద్దరు తండ్రులు: బిడ్డ ఇంటికి రాకముందే చేసుకోవాల్సిన పనులు (నల్గొండ, పాలమూరు వైపు)

నీలగిరి_నీడ:
నల్గొండ పట్నంలో కలిసి ఉంటున్న ఇద్దరు ఆడవాళ్లు అనుకుందాం. ఒకరికి 34, ఇంకొకరికి 31. ఇద్దరికీ నౌకరీలున్నయి, బిడ్డ కావాలె. ఇయ్యాల్టి చట్టం ప్రకారం ఏ తొవ్వలు తెరిచి ఉన్నయి, ఏవి మూసుకున్నయి? ఇద్దరు మగవాళ్లయితే ఏం మారుతది? హైదరాబాద్‌వాళ్లు చెప్పే సలహా ఇక్కడ సగమే పనికొస్తది. ఇక్కడ ఇల్లు కిరాయికి ఇచ్చేముందే ఇంటిపేరు, ఊరు, కులం, మేనమామ ఎవరు అని అడుగుతరు. కోర్టు, ఆస్పత్రి, బడి, ఎవరికి ఏది తెలిస్తే అది రాయండి. ఎవరి పేరూ, ఎవరి ఆనవాలూ పెట్టొద్దు.

పాలమూరు_వకీలు:
ముందు చట్టం ఎక్కడుందో చెప్తాను. 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు, ఇష్టపడి కలిసుండే పెద్దవాళ్లకు 377 సెక్షన్ (స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన పాత సెక్షన్) వర్తించదని తీర్పిచ్చింది. కాబట్టి కలిసి బతకడం నేరం కాదు. పెండ్లి సంగతి వేరు. స్వలింగ జంటల పెండ్లి మీద 2023 అక్టోబరు 17న వచ్చిన సుప్రియో తీర్పులో (ఆ కేసు ముందుగా వేసిన జంట హైదరాబాద్‌వాళ్లే) పెండ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు న్యాయమూర్తులూ అన్నారు. ఉమ్మడిగా దత్తత తీసుకునే హక్కు ఇవ్వాలని ఇద్దరు, కుదరదని ముగ్గురు. ముగ్గురి మాటే చెల్లింది. రివ్యూ పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేశారు.

అందువల్ల బిడ్డకు కాగితం మీద ఒక్కరే తల్లి, లేదా ఒక్కరే తండ్రి. రెండో మనిషి చట్టం దృష్టిలో పరాయి. ఆ రెండో మనిషిని ఒక్కో కాగితంతో బిడ్డకు ముడివేయడమే మనం చేయగలిగిన పని. బిడ్డ వచ్చాక చూద్దాం అనుకుంటే ఆ పని ఎప్పటికీ కాదు.

ఆడవాళ్ల జంటకు తొవ్వలు మూడు: ఒకరు ఒంటరి మహిళగా ఆస్పత్రి ద్వారా గర్భం దాల్చడం, ఒకరు దత్తత తీసుకోవడం, ముందటి పెండ్లి వల్ల ఉన్న బిడ్డను కలిసి పెంచడం. మన జిల్లాల్లో ఎక్కువగా కనబడేది మూడోదే, ఎవరూ మాట్లాడనిదీ అదే. సరోగసీ (వేరే మహిళ మన కోసం బిడ్డను మోసి కనడం) సంగతి మరిచిపోండి. 2021 చట్టం దాన్ని పెండ్లయిన ఆడ, మగ జంటలకు, 35 నుంచి 45 ఏండ్ల వితంతువులకు, విడాకులు తీసుకున్న మహిళలకు మాత్రమే ఉంచింది.

శిశుగృహ_దారి:
దత్తత గురించి నేను రాస్తా. కేంద్ర దత్తత సంస్థ కారా వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవడం తప్ప వేరే దారి లేదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్తే నమోదు చేయడానికి సాయం చేస్తారు, పైసలు తీసుకోరు. 2022 దత్తత నిబంధనల ప్రకారం ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లవాణ్నైనా తీసుకోవచ్చు. ఒంటరి మగవాడికి ఆడపిల్లను ఇవ్వరు. రెండేండ్లలోపు బిడ్డ కావాలంటే ఒంటరి దరఖాస్తుదారు వయసు 40 దాటొద్దు. రెండు నుంచి నాలుగేండ్ల బిడ్డకు 45, నాలుగు నుంచి ఎనిమిదేండ్లకు 50, ఆపైన 55. బిడ్డకూ మీకూ కనీసం 25 ఏండ్ల తేడా ఉండాలి.

కాగితాలు ఎక్కించాక సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి గృహ అధ్యయన నివేదిక రాస్తారు. దాని గడువు మూడేండ్లు. మీ వంతు వచ్చినప్పుడు బిడ్డ ఫొటో, వైద్య నివేదిక పంపుతారు. 48 గంటల్లో రిజర్వు చేసుకోవాలి, 30 రోజుల్లో వెళ్లి బిడ్డను చూసి ఒప్పుకోవాలి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టర్. ఆ తర్వాత రెండేండ్ల దాకా ఆరు నెలలకోసారి వచ్చి చూసిపోతారు. పసిబిడ్డ కోసం నిరీక్షణ ఏండ్ల తరబడి ఉంటుంది. నాలుగేండ్లు దాటిన పిల్లలకు, వైద్య అవసరాలున్న పిల్లలకు అంత ఆలస్యం కాదు.

ఇప్పుడు అసలు చిక్కు. జంటగా కలిసి ఉంటూ పెండ్లి కాని వ్యక్తిని ఒంటరి దరఖాస్తుదారుగా తీసుకోబోమని కారా 2022 జూన్ 16న ఒక ఆదేశం ఇచ్చింది. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు దాన్ని తప్పుపట్టినా, మెజారిటీ దాని జోలికి పోలేదు. కాబట్టి మొదటి పోస్టులో చెప్పిన జంటకు ఈ తలుపు ఇయ్యాల దాదాపు మూసి ఉన్నట్టే.

క్లాక్‌టవర్_సెంటర్:
ఒకరు వేరే గది కిరాయికి తీసుకొని, అధ్యయనం అయ్యేదాకా అక్కడ ఉంటే? చానామంది ఇదే చెప్తరు.

శిశుగృహ_దారి:
చెప్తారు అన్నా, చెప్పేవాళ్లు తర్వాత సంగతి ఆలోచించరు. ఆ సామాజిక కార్యకర్త ఒక్కసారి వచ్చి పోయే మనిషి కాదు. ఇరుగుపొరుగును అడుగుతారు, మీరిచ్చిన ఇద్దరు తెలిసినవాళ్లతో మాట్లాడతారు, బిడ్డ వచ్చాక రెండేండ్లలో నాలుగుసార్లు వస్తారు. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే నమోదు రద్దవుతుంది. బిడ్డ ఇంట్లో ఉండగా తేలితే ఆ బిడ్డను తిరిగి పంపే మాట వస్తుంది. ఒకసారి వదిలేయబడిన పిల్ల రెండోసారి ఇల్లు విడవడం ఎట్లుంటుందో శిశుగృహలో పనిచేసే ఏ ఆయానైనా అడగండి. అబద్ధం మీద దత్తత మొదలుపెట్టొద్దు. ఇది నా గట్టి మాట.

ఇంకో ప్రమాదం ఇంతకంటే పెద్దది. “ఆస్పత్రిలో ఒక బిడ్డ ఉంది, పేద తల్లి, యాభై వేలు ఇస్తే చాలు” అని ఎవరో ఒకరు వస్తారు. దేవరకొండ వైపు తండాల్లో 1990ల చివర్లో ఆడశిశువులను కొని దత్తత పేరుతో పంపిన వ్యవహారాలు మన జిల్లా మరిచిపోలేదు. బాల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద బిడ్డను అమ్మినా కొన్నా ఐదేండ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. మీది ఎంత మంచి మనసైనా కేసు మీ మీదే పడుతుంది, బిడ్డ శిశుగృహకు పోతుంది. అట్లాంటి మాట వినబడగానే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

పాలమూరు_వకీలు:
పైన చెప్పినదంతా నిజమే. కానీ ఇంకో దత్తత ఉంది, మన ఊళ్లల్లో తాతల కాలం నుంచి ఉన్నదే. అక్క బిడ్డనో తమ్ముడి బిడ్డనో దత్తు తీసుకోవడం. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద పెండ్లి కాని హిందూ మహిళ సొంతంగా దత్తత తీసుకోవచ్చు, మగవాడూ తీసుకోవచ్చు. దీనికి కారా నమోదు అక్కర్లేదు, గృహ అధ్యయనం ఉండదు.

షరతులు మాత్రం ఖచ్చితంగా చూసుకోండి. బిడ్డకు 15 ఏండ్లు నిండొద్దు, పెండ్లి కావొద్దు. మీకు ఇప్పటికే కొడుకో మనుమడో ఉంటే మళ్లీ కొడుకును తీసుకోలేరు, ఆడపిల్ల విషయంలోనూ అంతే. ఆడమనిషి మగపిల్లవాణ్ని, మగమనిషి ఆడపిల్లను తీసుకుంటే 21 ఏండ్ల తేడా ఉండాలి. కన్న తల్లి, తండ్రి ఇద్దరి ఒప్పుదల కావాలి. దత్త హోమం తప్పనిసరి కాదు, కానీ బిడ్డను చేతుల్లో పెట్టి ఇచ్చిపుచ్చుకోవడం నిజంగా జరగాలి. దానికి నలుగురు సాక్షులు, ఫొటోలు ఉంచుకోండి. తర్వాత దత్తత దస్తావేజు రాయించి, ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ సంతకం చేసి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ అయితే దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు 16వ సెక్షన్ కింద ముందే నమ్ముతుంది, కాదనేవాడే రుజువు చేయాలి. పైసలు చేతులు మారితే మాత్రం అదే చట్టం 17వ సెక్షన్ కింద నేరం.

ఇక్కడ ఎక్కువగా చెడేది బంధువుల మధ్య. నోటిమాటతో బిడ్డను తెచ్చుకుంటారు, పదేండ్లు పెంచుతారు. ఒకనాడు ఇంట్లో ఇద్దరి సంగతి బయటపడుతుంది, తమ్ముడొచ్చి బిడ్డను తీసుకుపోతాడు. కాగితం లేకపోతే అడ్డుకోవడానికి ఏమీ ఉండదు. రిజిస్టరైన దత్తతను కన్నవాళ్లు గానీ, తీసుకున్నవాళ్లు గానీ రద్దు చేయలేరు. 15వ సెక్షన్ చదివి ఆ ముక్క ఇచ్చేవాళ్లకు ముందే వినిపించండి.

తండా_తొవ్వ:
వకీల్ సాబ్, ఒక మాట కలపాలె. హిందూ దత్తత చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు, కేంద్రం నోటిఫికేషన్ ఇస్తే తప్ప. 2వ సెక్షన్‌లనే ఉన్నది. మన తానా లంబాడోళ్లు ఎస్టీలు, అచ్చంపేట, అమ్రాబాద్ వైపు చెంచులు కూడా. ఆ ఇండ్లల్ల బిడ్డను తీసుకొని దస్తావేజు రిజిస్టర్ చేస్తే అది రేపు కోర్టుల నిలవడానికి తెగ ఆచారం రుజువు చేయాల్సి వస్తది. హిందూ వారసత్వ చట్టం కూడా అట్లనే. తెల్వక చానామంది పైసలు పెట్టి పనికిరాని కాగితం చేయించుకుంటరు.

పాలమూరు_వకీలు:
సరిగ్గా చెప్పారు, నేను రాయాల్సింది. ఎస్టీలకు, ముస్లింలకు, క్రైస్తవులకు బాల న్యాయ చట్టం కింద బంధువుల దత్తత మేలు. మేనమామ, పినతండ్రి, మేనత్త, పిన్ని, అమ్మమ్మ, నాయనమ్మ, తాత వరుసవాళ్లే అందులోకి వస్తారు. అదీ కారా ద్వారానే నమోదై కలెక్టర్ ఉత్తర్వుతో ముగుస్తుంది. కన్నవాళ్ల సమ్మతి, ఐదేండ్లు దాటిన బిడ్డయితే బిడ్డ సమ్మతి కూడా కావాలి.

స్కానింగ్_గది:
ఆస్పత్రి దారి గురించి. 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం 21 నుంచి 50 ఏండ్లలోపు మహిళకు, పెండ్లయినా కాకపోయినా, ఈ సేవలు తీసుకునే వీలిచ్చింది. భర్త సంతకం లేకుండా చేసేది లేదని ఎవరైనా అంటే ఆ క్లినిక్‌లో వాదన పెట్టుకోకుండా ఇంకోచోటికి పోండి. క్లినిక్ ఆ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఆ నంబరు గోడ మీద ఉంటుంది, లేకపోతే అడగండి. మొదటి స్థాయి క్లినిక్‌లు ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం) మాత్రమే చేస్తాయి, ఐవీఎఫ్‌కు (అండాన్ని బయట ఫలదీకరించి గర్భంలో పెట్టడం) రెండో స్థాయి కావాలి. ఈ జిల్లాలవాళ్లు ఎక్కువగా హైదరాబాద్ పోవాల్సిందే.

మొదట పరీక్షలు: ఏఎంహెచ్ (అండాల నిల్వ ఎంతుందో చెప్పే రక్త పరీక్ష), థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్, రుబెల్లా, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, తలసేమియా. రక్తం తక్కువుంటే ముందు దాన్ని సరిచేయాలి. ఫోలిక్ ఆమ్లం రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భానికి కనీసం నెల ముందు నుంచే. ఐయూఐ అయితే నెలసరి రెండో రోజో మూడో రోజో స్కానింగ్, ఐదు రోజులు మాత్రలు, తొమ్మిదో రోజు నుంచి మళ్లీ స్కానింగ్‌లు. అండం సంచి 18 నుంచి 20 మిల్లీమీటర్లకు రాగానే ఇంజెక్షన్, దాదాపు 36 గంటలకు ఐయూఐ. అంటే ఒక్కో నెల నాలుగైదు సార్లు పోవాలి, తేదీ మీ చేతిలో ఉండదు. నౌకరీ చేసేవాళ్లు సెలవులు ముందే చూసుకోండి. 35 ఏండ్లలోపువాళ్లకు ఒక్కో విడతలో నూటికి పది నుంచి ఇరవై మందికి నిలుస్తుంది. మూడు నుంచి ఆరు విడతలు చూసి కాకపోతే ఐవీఎఫ్ గురించి డాక్టర్‌తో మాట్లాడండి. 38 దాటినవాళ్లు ఆరు విడతలు ఆగొద్దు.

వీర్యం రిజిస్టరైన బ్యాంకు నుంచే రావాలి. దాత ఎవరో మీకు చెప్పరు, మీరెవరో దాతకు చెప్పరు. దాతకు బిడ్డ మీద ఏ హక్కూ ఉండదు, చట్టంలోనే రాసుంది. తెలిసిన స్నేహితుణ్ని అడిగి ఇంట్లోనే సిరంజితో చేసుకుందాం అనే ఆలోచన ఇక్కడే బెడిసికొడుతుంది. పరీక్షలు లేని వీర్యంతో రోగం రావచ్చు. అంతకన్నా ముఖ్యం, ఆ స్నేహితుడు ఈ చట్టం కింద దాత కాడు, కన్నతండ్రి. రేపు వాళ్లమ్మ ఒత్తిడి చేస్తే బిడ్డ నాదని కోర్టుకు పోవచ్చు.

ఒకరి అండం తీసి ఇంకొకరి గర్భంలో పెట్టడం గురించి చానామంది అడుగుతారు. దాత అండం కూడా బ్యాంకు ద్వారానే రావాలి కాబట్టి అది ఇక్కడ కుదరదు. చేస్తామని ఎవరైనా అంటే ఆ క్లినిక్‌లో కాగితాలు సరిగా ఉండవు. 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రం మీద పోలీసు కేసు గుర్తుందా? సరోగసీ బిడ్డ అని చెప్పి ఎవరి బిడ్డనో అప్పగించారన్నది ఆరోపణ, డీఎన్‌ఏ పరీక్షతో అది బయటికొచ్చింది. ప్రతి బిల్లు, ప్రతి సమ్మతి పత్రం నకలు తీసుకోండి.

నీలగిరి_నీడ:
అక్కా, కాన్పు అయినంక పుట్టిన తేదీ పత్రంల తండ్రి పేరు ఎట్ల?

స్కానింగ్_గది:
ఆస్పత్రి నింపే ఫారంలోనే ఒంటరి తల్లి అని రాయించండి. డిశ్చార్జి తొందరలో నర్సు ఏదో ఒక పేరు రాస్తే, తర్వాత దిద్దించడానికి నెలలు తిరగాలి. 2015లో ఏబీసీ కేసులో సుప్రీంకోర్టు, తల్లి అఫిడవిట్ ఇస్తే చాలు, తండ్రి పేరు లేకుండానే జనన పత్రం ఇవ్వాలని చెప్పింది. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ కూడా ఒంటరి తల్లి పిల్లల నమోదును ప్రత్యేకంగా పేర్కొంది. నమోదు 21 రోజుల్లో ఉచితం. పట్నంలో మున్సిపాలిటీ, ఊళ్లో పంచాయతీ కార్యదర్శి. తిరస్కరిస్తే నోటిమాటతో వెనక్కి రావొద్దు, రాతపూర్వకంగా ఇవ్వమనండి. రాసివ్వమంటే చాలావరకు పని అవుతుంది.

2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన బిడ్డలకు ఈ పత్రమే బడికి, పాస్‌పోర్టుకు ఆధారం కాబట్టి ఇందులో అక్షరం తేడా కూడా రాకుండా చూసుకోండి. పాస్‌పోర్టుకు ఒక్క తల్లి పేరు చాలు. పాన్‌కు కూడా 2018 డిసెంబరు నుంచి అంతే.

బడి_గంట:
బడి సంగతి నేను చెప్త. అడ్మిషన్ రిజిస్టర్ల తండ్రి పేరు గడి ఖాళీగా ఉంటే గుమస్తా ఊకోడు. “మీ అన్న పేరు రాయండి, తాత పేరు రాయండి, ఏం కాదు” అంటడు. రాయొద్దు. అదే పేరు పదో తరగతి మెమో మీదికి పోతది, జనన పత్రంల వేరే, ఆధార్‌ల వేరే. ఇంటర్, ఉద్యోగం, పాస్‌పోర్టు, అన్నీ అక్కడ ఆగుతయి. పదో తరగతి అయినంక దిద్దించుడు అంటే బోర్డు చుట్టూ తిరుగుడే.

రెండో అమ్మ పేరు కోసం ఇంకో గడి ఉంటది: బిడ్డను తీసుకపోయేటోళ్లు, అత్యవసరానికి ఫోన్ నంబర్లు. అక్కడ రాయండి. దాంతోపాటు తల్లి సంతకంతోని ఒక అధికార పత్రం, ఇద్దరి ఆధార్ నకళ్లు, ఫొటోలు హెడ్మాస్టర్‌కు ఇవ్వండి, ప్రతి జూన్‌ల కొత్తది. పేరెంట్స్ మీటింగ్‌కు రెండో అమ్మనే మొదటిసారి పంపండి. టీచర్ ఆమె మొహం చూస్తే తర్వాత ఏ మాట వచ్చినా ముందు ఆమెనే పిలుస్తది.

బిడ్డకు ఏం చెప్పాలె అనేది దీనికంటే పెద్దది. మూడు నాలుగేండ్లకే, మా ఇంట్ల నేను, అమ్మ, ఫలానామె ఉంటం అని అలవాటుగ చెప్పేటట్టు చేయండి. బయట దాచిపెట్టుమని మాత్రం ఎన్నడూ చెప్పొద్దు. ఆరేండ్ల పిల్ల అది మోయలేదు, ఇంట్ల ఏదో తప్పు జరుగుతుందని అనుకుంటది. ఎవరికి ఎంత చెప్పాలె అనేది పెద్దోళ్ల పని. ఏడెనిమిదేండ్లకు తోటి పిల్లలు మీ నాయిన ఏడి అని అడుగుతరు. “మా ఇంట్ల నాయిన లేడు, అమ్మ ఉంది, పెద్దమ్మ ఉంది” అని ముందే రెండు మూడుసార్లు ఇంట్ల మాట్లాడుకుంటే పిల్ల తడబడది. ఇక్కడ సగం ఇండ్లల్ల తండ్రి దుబాయ్‌ల ఉంటడు, నాయినమ్మ పెంచుతది. చిన్న క్లాసుల పిల్లలు దాన్ని పెద్దగ పట్టించుకోరు. ఎగతాళి మొదలయ్యేది ఆరు, ఏడు తరగతులల్ల, అదీ పెద్దోళ్ల నోట విని. అప్పుడు క్లాస్ టీచర్‌కు నేరుగ చెప్పండి, తేదీతోని రాసివ్వండి.

ఇట్లాంటి ఇండ్లల్ల పెరిగిన పిల్లలు చెడిపోతరా అని అడిగేటోళ్లకు: అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2013ల ఇచ్చిన విధాన ప్రకటన చదవమనండి. పిల్ల ఎదుగుదలకు ముఖ్యం తల్లిదండ్రులతోని అనుబంధం, ఇంట్ల నిలకడ, చుట్టూ అండ. తల్లిదండ్రులు ఆడ, మగ అన్నది కాదు.

మిర్యాలగూడ_కాలువ:
ముందటి పెండ్లి బిడ్డల గురించి ఎవరూ రాయలేదు. ఆమెకు ఐదేండ్లలోపు బిడ్డ ఉంటే చట్టం మామూలుగా తల్లి దగ్గరే ఉంచమంటుంది, ఆ తర్వాత కోర్టు బిడ్డ క్షేమం చూస్తుంది. భర్త వైపు వకీలు ఇద్దరు ఆడవాళ్ల సంబంధాన్ని కోర్టులో ముందుకు తెస్తాడు, దానికి సిద్ధంగా ఉండాలి. ఎట్లా అంటే బిడ్డ హాజరు, మార్కులు, టీకాల కార్డు, డాక్టర్ చీటీలు, ఫీజు రసీదులు ఎవరు కట్టారో చూపించే బ్యాంకు వివరాలు. బిడ్డ బాగుందని కాగితాలు చెప్పాలి.

వీలైతే గొడవ కంటే పరస్పర అంగీకార విడాకులు మేలు. ఏడాది విడిగా ఉండాలి. పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. బిడ్డ ఎవరి దగ్గర, తండ్రి ఏ రోజుల్లో కలుస్తాడు, బడి ఎవరు నిర్ణయిస్తారు, అన్నీ ఆ పిటిషన్‌లోనే రాయించండి. పెద్దమనుషుల పంచాయితీలో తెల్ల కాగితం మీద రాసుకున్నది కోర్టులో నిలవదు.

నీలగిరి_నీడ:
ఇద్దరు మగవాళ్ల సంగతి?

శిశుగృహ_దారి:
వాళ్లకు తొవ్వ ఇంకా ఇరుకు. సరోగసీ లేదు, కారా ద్వారా ఒంటరి మగవాడికి మగబిడ్డే, పైన చెప్పిన ఆదేశం వాళ్లకూ ఉంది. బంధువుల దత్తత ఒకటి మిగిలింది. ఇంకోటి ఫోస్టర్ కేర్, అంటే దత్తత కాకుండా బిడ్డను కొంతకాలం ఇంట్లో ఉంచుకొని పెంచడం. 2024 మార్గదర్శకాల్లో 35 నుంచి 60 ఏండ్ల ఒంటరివాళ్లకు కూడా వీలిచ్చారు, మగవాళ్లకు మగపిల్లలనే. ఆరేండ్లు దాటిన పిల్లలు, బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుతో. రెండేండ్ల తర్వాత ఆ బిడ్డనే దత్తత అడగొచ్చు. ఇక్కడ కూడా ఇంట్లో ఎవరున్నారో దాచొద్దు.

జంటలో ఒకరు ట్రాన్స్‌జెండర్ అయి, ధ్రువపత్రం ఉండి, ఆడ, మగ జంటగా లెక్కకొస్తే విషయం పూర్తిగా మారుతుంది. అట్లాంటివాళ్లు ఇప్పుడున్న చట్టాల కిందే పెండ్లి చేసుకోవచ్చని సుప్రియో తీర్పులోనే ఉంది.

క్లాక్‌టవర్_సెంటర్:
ఇల్లు, బ్యాంకు, ఆస్తి గురించి వకీల్ సాబ్ రాస్తే బాగుంటది.

పాలమూరు_వకీలు:
కిరాయి ఒప్పందంలో ఇద్దరి పేర్లూ పెట్టించండి. ఒకరి పేరుంటే, ఆ ఒక్కరికి ఏమైనా అయిన రోజు రెండోవాళ్లు బిడ్డతో సహా రోడ్డు మీదికొస్తారు. బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికి, నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. ఆ ప్రకటన ప్రింటు తీసుకుని మేనేజర్ ముందు పెట్టండి. రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్లుగా చూడాలని కూడా రాష్ట్రాలకు లేఖ వెళ్లింది. తహసీల్ ఆఫీసులో ఆ సంగతి తెలియకపోవచ్చు కాబట్టి దాని నకలు కూడా పట్టుకెళ్లండి.

నామినీ అంటే యజమాని కాదు. నామినీ పైసలు తీసుకొని వారసులకు ఇవ్వాల్సిన మనిషి మాత్రమే. కాబట్టి వీలునామా లేకుండా ఏదీ పూర్తి కాదు. పీఎఫ్‌లో ఒక మెలిక ఉంది, ఎక్కువమంది ఇక్కడే పోగొట్టుకుంటారు. కుటుంబం లేనివాళ్లు ఎవరినైనా నామినీ పెట్టొచ్చు, కానీ బిడ్డ రాగానే బిడ్డే కుటుంబం, పాత నామినేషన్ చెల్లదు. కొత్తది బిడ్డ పేరు మీద వేయాలి. బిడ్డ మైనర్ కాబట్టి ఆ సొమ్ము ఎవరి చేతికి రావాలో అందులోనే రాయండి.

వీలునామా ఇద్దరూ వేరువేరుగా రాయాలి. చట్టప్రకారం తల్లి కానివాళ్ల ఆస్తిలో బిడ్డకు దానంతటది ఏమీ రాదు. రాయకుండా పోతే అన్నదమ్ములకో వాళ్ల పిల్లలకో పోతుంది. ఇద్దరు సాక్షులు ఒకేసారి చూస్తుండగా సంతకం, సాక్షుల్లో ఒకరు మీకంటే చిన్నవాళ్లయి ఉండాలి, రేపు కోర్టులో చెప్పడానికి బతికుండాలి కాబట్టి. లబ్ధి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టొద్దు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు సుంకం లేదు, అయినా చేయించండి. మన దగ్గర వీలునామా దొంగదని వేసే కేసులే ఎక్కువ. డాక్టర్ దగ్గర మానసికంగా బాగున్నారని ఒక సర్టిఫికెట్ అదే తేదీకి తీసుకోండి. ముస్లింలయితే వారసుల ఒప్పుదల లేకుండా మూడో వంతుకు మించి బయటివాళ్లకు రాయలేరు. మిగతాది బతికుండగానే హిబా (ముస్లిం చట్టం కింద దానం) చేయడం మేలు. వ్యవసాయ భూమి అయితే తహసీల్దార్ దగ్గర పట్టా మార్పిడి సమయంలో బంధువులు అడ్డొస్తారు. సర్వే నంబర్లు, గుంటలతో సహా వీలునామాలో రాయకపోతే ఆ అభ్యంతరం నిలుస్తుంది.

ఆ వీలునామాలోనే బిడ్డ సంరక్షకులుగా రెండో మనిషిని పేరు పెట్టి నియమించండి. పెండ్లి కాని హిందూ తల్లి కన్న బిడ్డకు 1956 నాటి మైనారిటీ, సంరక్షక చట్టం 9వ సెక్షన్ ఆ హక్కు ఇస్తుంది. దత్తత బిడ్డకు అది తల్లి కోరికకు గట్టి రుజువు, ఆఖరి మాట కోర్టుది.

జడ్చర్ల_జంక్షన్:
ఇంటివాళ్లు తప్పిపోయిందని పోలీస్ స్టేషన్‌లో కేసు పెడితే? ఇది చాలా ఊళ్లల్లో జరిగేదే.

పాలమూరు_వకీలు:
ఇద్దరూ మేజర్లయితే ముందుగానే వయసు రుజువుతో, ఇష్టపడి ఉంటున్నామని ఎస్పీ ఆఫీసుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. స్టేషన్‌కు పిలిస్తే వకీలుతో పోండి, మెజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇస్తామని అడగండి. హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్) వేస్తే జడ్జి ఆ వ్యక్తితో ఒంటరిగా, ఇంటివాళ్ల ముందు కాకుండా మాట్లాడాలని, కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే పని చేయొద్దని 2024 మార్చిలో దేవు జి నాయర్ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మేలో మద్రాస్ హైకోర్టు, కుటుంబం ఏర్పడటానికి పెండ్లి ఒక్కటే దారి కాదని అన్నది. ఆ తీర్పు తెలంగాణలో కట్టడి చేయదు, కానీ వాదనలో చూపించొచ్చు.

బడి_గంట:
ఇంకొకటి అడగాలె సార్. కాగితం మీదున్న తల్లికి హఠాత్తుగ ఏమన్నా అయితే, మొదటి వారం రెండో అమ్మ ఏం చేయాలె? బిడ్డను వాళ్ల తమ్ముడు తీసుకపోతనని వస్తడు గద.

పాలమూరు_వకీలు:
వస్తాడు. అందుకే దినాలు అయ్యేదాకా ఆగొద్దు. ఆ వారంలోనే బిడ్డ మామూలుగా ఉండే చోటి జిల్లా కోర్టులో, ఫ్యామిలీ కోర్టు ఉంటే అక్కడ, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకత్వ పిటిషన్ వేసి, తాత్కాలిక కస్టడీ ఉత్తర్వు అడగండి. వీలునామా, మరణ ధ్రువపత్రం, బడికి ఇచ్చిన అధికార పత్రం నకలు, ఫీజులు కట్టిన బ్యాంకు వివరాలు, ఒకే చిరునామా చూపించే ఆధార్‌లు, ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ల అఫిడవిట్లు జతచేయండి. బిడ్డకు తెలివి వచ్చిన వయసైతే కోర్టు బిడ్డ ఇష్టం అడుగుతుంది. బిడ్డకు ముందుగా ఏదీ నేర్పొద్దు, నేర్పినట్టు జడ్జికి వెంటనే తెలుస్తుంది. బడిలో హెడ్మాస్టర్‌కు ఆ రోజే పిటిషన్ నకలు ఇచ్చి, కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా ఎవరితోనూ కొత్తగా పంపొద్దని రాసివ్వండి. బలవంతంగా తీసుకుపోతే 1098, 112. వకీలుకు పైసలు లేకపోతే న్యాయ సహాయ నంబరు 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఇస్తుంది. పిటిషన్ ముసాయిదా మాత్రం ఇప్పుడే, ఇద్దరూ బాగున్నప్పుడే, వీలునామాతో పాటు రాయించి ఫైలులో పెట్టుకోండి. తేదీ ఒక్కటి ఖాళీ ఉంచండి.